కరువుకు ఇంగ్లీషులో రెండు మాటలు

హొళగుంద నుంచి పత్తిబండి తోలుకొచ్చిన మనిషి, కాటా దగ్గర తన వంతు కోసం నిలబడి, వేరే మాటల మధ్యలో ఆయన పోయిన సంగతి చెప్పాడు.

"మీ ఇంగ్లీషు సామి పోయినాడంట గదన్నా."

ఎప్పుడని అడిగాను.

"యాడ గురుతుంటాదప్పా. ఉగాదికి ముందరో, ఎనకో. మా ఎద్దుకు కాలు ఇరిగినప్పుడు."

ఏ జబ్బని అడిగాను. "ముసలోడు గదా" అన్నాడు. అంతలో అతని వంతు వచ్చింది. నేను తూకం చూసి చెప్పాను, అతను తల ఊపి బండి లోపలికి తోలుకుపోయాడు. చివరి రోజుల్లో ఆయన హొళగుందలో చెల్లెలి ఇంట్లో ఉన్నారని విన్నాను గానీ పోయి చూసింది లేదు. నేను తెలియని సంఖ్య వేసే మనిషిని కాను. అందుకని ఆయన పోయిన తేదీ ఇక్కడ రాయడం లేదు. పేరు కూడా రాయను. ఆయన జీవితమంతా అర్జీలు రాశారు. వాటి కింద ఎవరెవరి వేలిముద్రలో ఉండేవి. ఆయన పేరు ఒక్కదాని మీదా ఉండేది కాదు.

ఆదోనిలో తాలూకా కచ్చేరి ఎదురుగా ఒక బట్టల కొట్టు అరుగు మీద కూర్చునేవారు. నుదుట సన్నగా బొగ్గుగీత, దాని కింద ఎర్రటి అక్షత. మోచేతుల దగ్గర మాసికలు వేసిన నల్లకోటు. ఎండాకాలంలో కూడా ఆ కోటు విప్పేవారు కాదు. వాళ్లది మంత్రాలయం పక్క ఊరు. పెద్దలంతా గుడి కొలువు చేసినవాళ్లు. ఈయన బడిపంతులుగా చేరి, ఎందువల్లనో ఆ పని వదిలేసి, ఈ అరుగు ఎక్కారు. ఊళ్లో అందరికీ ఆయన ఇంగ్లీషు సామి.

నాకు ఆయనతో పరిచయం ఒక తంతి వల్ల అయింది. నేను పనిచేసే పత్తి జిన్నులో షావుకారికి బొంబాయి నుంచి తంతి వచ్చింది. పంపిన దూదిలో నీరుందని దాని సారాంశం. దూది మీద నీళ్లు చల్లి బరువు పెంచారన్న నింద మా వ్యాపారంలో చావుతో సమానం. ఒకసారి ఆ పేరు పడితే ఆ షావుకారి బేళ్లు ఎవరూ కొనరు. షావుకారు తంతి కాగితం చేతిలో పట్టుకుని చెమటలు తుడుచుకుంటూ నన్ను వెంటబెట్టుకుని సామి అరుగు దగ్గరికి పోయాడు.

ఆయన కాగితం చదివి నవ్వారు. "నీ మీద నేరం మోపల్యా. కూర్చో."

"నీళ్లున్నాయని రాయలేదా సామీ?"

"రాసినారు. వెట్ అని రాసింటే నువ్వు చల్లినావని. వాళ్లు రాసింది డ్యాంప్. అంటే గాలికి చెమ్మెక్కిందని. ఒకటి మనిషి చేసిన పని, ఒకటి వాన చేసిన పని."

"చెమ్మయినా తడయినా బరువు ఒకటే గదా సామీ" అన్నాడు షావుకారు, ఇంకా నమ్మకం కుదరక.

"బరువు ఒకటే. దోషం ఒకటి కాదు." అప్పుడు ఎడమచేతి రెండు వేళ్లు జతచేసి మా ముఖాల ముందు పెట్టారు. కలం పాళీని ఆ రెండు వేళ్ల మధ్య దూర్చి మెల్లగా విడదీశారు. "ఇదో, ఈడ సందుంది. ఆ సందులో నుంచి నువ్వు బయటపడతావు."

జవాబు రాసిచ్చారు. గొడవ అంతటితో తీరింది. ఆ మర్నాటి నుంచి పని ముగిశాక నేను ఆ అరుగు దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. నేను బడికి పోయి లెక్కలు నేర్చినవాణ్ని కాను. కాటా దగ్గర నిలబడి, తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. మణుగుకూ మణుగుకూ మధ్య వీశెలున్నట్టే మాటకూ మాటకూ మధ్య కూడా కొలత ఉంటుందని ఆయన దగ్గర కూర్చున్నాకే తెలిసింది.

ఆయన వేళ్ల మధ్య కలం పెట్టి చూపించిన జతలు చాలా ఉన్నాయి. కుండ ఖాళీ అయితే ఎంప్టీ అట, ఉద్యోగం ఖాళీ అయితే వేకెంట్ అట. "కుండ ఖాళీ అయితే ఎవుడూ దరఖాస్తు పెట్టడు సూడు, అదే తేడా." నిద్రలో ఉన్నప్పుడు ఎత్తుకుపోతే స్టీల్, చూస్తుండగా గుంజుకుంటే రాబ్. సఫిషియంట్ అనేది వడ్డించేవాడి మాట, ఇనఫ్ అనేది తినేవాడి మాట. అర్జీలో ఏది పడాలో తేల్చుకోనిదే కాగితం మీద కలం పెట్టేవారు కాదు. కచ్చేరికి వేళ మించిపోతున్నదని రైతు మొత్తుకున్నా సరే. "రెండూ ఒకటే అయితే రెండో మాట ఎందుకు పుడతాదప్పా?" అనేవారు. పక్క అరుగు మీద అర్జీలు రాసే ఇంకొకాయన, "మా సామి ఒక మాటకు కూలి తీసుకుంటాడు, రెండోది కొసరు" అని ఎగతాళి చేసేవాడు. ఈయన కోపగించుకునేవారు కాదు. "కొసరే రుచి" అనేవారు.

రాసిన అర్జీని గట్టిగా చదివి వినిపించడం ఇంకో అలవాటు. వేలిముద్ర వేసేవాడికి ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. అయినా చదివేవారు. ఒక్కో మాట దగ్గర ఆగి, అతని ముఖం చూసి, "ఇది నీ మాటేనా?" అని అడిగేవారు. పాపం అతను భయపడి అవుననేవాడు.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన తర్వాత, ఒక ఏడు మా సీమలో వానలు ముఖం చాటేశాయి. జొన్న మోకాలెత్తు లేచి మాడిపోయింది. పత్తి కాయ పట్టలేదు. జిన్నులో ఒక యంత్రం నడిచేది, మిగిలినవి గుడ్డ కప్పుకుని ఉండేవి. అందరికన్నా ముందు దెబ్బ తగిలింది ఎమ్మిగనూరు సాలెవాళ్లకు. యుద్ధం వల్ల నూలు రావడం లేదు. వచ్చిన కాస్త నూలుతో నేసిన దుప్పటి కొనేందుకు రైతు చేతిలో ఏమీ లేదు.

ఆ సాలెవీధి వాళ్లకు చాలా కాలంగా అర్జీలు రాసిపెట్టేది సామే. వాళ్ల పెద్ద నాగప్ప ఆదోనికి వచ్చి, కరువని సర్కారుకు రాసిపెట్టమని అడిగాడు. ఆయన వెంటనే రాయలేదు. ఒక వకీలు దగ్గర, కరువు వస్తే ఏమి చేయాలో సర్కారు అచ్చు వేయించిన లావు పుస్తకం ఉంటే అడిగి తెచ్చుకున్నారు. కొన్నాళ్లు అదే చదివారు. ఒక సాయంకాలం నేను పోయేసరికి రెండు వేళ్లూ జతచేసి, కలం మధ్యలో పెట్టి, నా కోసమే చూస్తున్నట్టు ఉన్నారు.

"మనకు ఒకటే మాట, కరువు. వాళ్లకు రెండు. స్కేర్సిటీ, ఫామిన్."

స్కేర్సిటీ అంటే కొరత. కొరత అని తేలితే సర్కారు ఊరి బయట కంకర కొట్టే పని పెడుతుంది. కష్టం ఎక్కువ, కూలి తక్కువ. నిజంగా గతిలేనివాడు తప్ప ఇంకెవరూ రాకుండా ఉండాలని కావాలనే అలా పెడతారట. దానికి టెస్టు పని అని పేరు. ఫామిన్ అని ప్రకటిస్తే సంగతి వేరు. పని చేయలేనివాళ్లకు గంజి పోస్తారు. కులవృత్తి ఉన్నవాళ్లకు ఆ వృత్తిలోనే పని ఇస్తారు. సాలెవాడికి నూలు ఇచ్చి, నేసిన బట్ట సర్కారే తీసుకుంటుంది. ఈ వాక్యాన్ని ఆయన నాకు మళ్లీ మళ్లీ చదివి వినిపించారు.

"మగ్గం దిగే పనిల్యా, సూడు. ఇంట్లో కూర్చుని నేసుకోవచ్చు. ఫామిన్ అనే ఒక్క మాట పడాల."

మర్నాడు ఇద్దరం, పెట్రోలు కరువై బొగ్గులతో నడిపే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాం. లెక్క వేయడానికి నన్ను తోడు రమ్మన్నారు. వీధిలో మగ్గాల చప్పుడు లేదు. అంతకు ముందు నేను ఆ వీధిలో నడిచినప్పుడు మాట వినిపించక అరవాల్సి వచ్చేది. ఆ రోజు మేము మెల్లగా మాట్లాడినా ఇళ్లలో నుంచి జనం తొంగిచూశారు.

నాగప్ప ఇంట్లో మగ్గం గుంట ఖాళీగా ఉంది. అతని భార్య ఈరమ్మ మాకు చెంబుతో నీళ్లిచ్చి, "ఇచ్చేదానికి ఇవే ఉండాయి సామీ" అంది. "పడుగుకు పెట్టే గంజి మేమే తాగుతాండాము. మగ్గం పాపం ఏమీ అనల్యా."

ఆమె మాట వాడి. భర్త నెమ్మది. ఊరి బయట టెస్టు పని అప్పటికే మొదలైందని, వీధంతా రేపటి నుంచి రాళ్ల కాడికి పోదామనుకుంటున్నదని ఆమే చెప్పింది. "ఏమంటావు సామీ?"

ఆయన నాగప్ప కుడిచెయ్యి పట్టుకుని వేళ్ల కొసలు తడిమి చూశారు. "ఈ చేత్తో సుత్తి పడితే మళ్లా నూలు పట్టగలవా?"

"యాడ సామీ. వేలు గరుకెక్కితే పోగు తగులుకుంటాది. ముట్టుకుంటే తెగుతాది. మా చిన్నాయన ఒకతూరి రోడ్డు పనికి పోయి వచ్చి, ఏడాది పొడుగునా పోగులు అతుక్కుంటా కూర్చున్యాడు."

అప్పుడు ఆయన రెండు వేళ్లూ చూపించి ఇద్దరికీ విడమర్చి చెప్పారు. ఇది ఇంకా మొదటి మాట. రెండో మాట పడితే మీ ఇంటికే నూలు వస్తుంది. అది పడేట్టు నేను రాస్తాను. అంతదాకా చేతులు చెడగొట్టుకోకండి.

"అయితే కాచుకోమంటావు" అన్నాడు నాగప్ప.

"కాచుకోండి."

"మేము కాచుకుంటాములే. కడుపు కాచుకోవల్ల గదా" అంది ఈరమ్మ.

"ఈ అమావాస్య దాటనీ తల్లీ."

ఆమె ఒప్పుకున్నాక వీధి ఒప్పుకుంది. నేను గచ్చు మీద సుద్దముక్కతో లెక్క వేశాను. ఎన్ని మగ్గాలు, మగ్గానికి ఎంత నూలు, ఎన్ని దుప్పట్లు దిగుతాయి. ఆయన దాన్ని అర్జీలోకి ఎక్కించారు. ఆ లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ ఎప్పుడైనా మళ్లీ వేసి చూస్తాను. అదే వస్తుంది.

తిరుగు బస్సులో ఆయన ఉత్సాహంగా ఉన్నారు. అంతకు ముందెన్నడూ అలా చూడలేదు. మబ్బు లేని ఆకాశం చూస్తూ, స్కై అనకుండా హెవెన్ అని ఎప్పుడు అంటారో చెప్పారు. నాకిప్పుడు గుర్తు లేదు.

అమావాస్య దాటింది. ఇంకొకటి కూడా దాటబోతుండగా జవాబు వచ్చింది. ఆయన అరుగు మీద దాన్ని చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చదివారు. నాకు ఇచ్చారు. నాకప్పటికి చిన్న వాక్యాలు అర్థమయ్యేవి. టెస్టు పనికి వచ్చిన జనం చాలా తక్కువ. కాబట్టి ఆ ప్రాంతంలో స్కేర్సిటీ ఉన్నది గానీ ఫామిన్ లేదు. జనం రానందున ఆ పని కూడా మూసివేయడమైనది.

"రాళ్ల కాడికొచ్చిన తలలు లెక్కపెట్టి ఫామినా కాదా తేలుస్తారని పుస్తకంలో ఉండాది" అన్నారు ఆయన. "నేను చదవల్యా అని కాదు. చదివినా. రాళ్లు కొట్టేది కూలోళ్ల పని, వాళ్లే గుంపులుగా వస్తార్లే అనుకొంటి."

కూలివాళ్లు అప్పటికే లేరు. వాన పడదని తెలిసిన రోజే గొడ్లను అమ్ముకుని, మూటలు కట్టుకుని, తూర్పున కాలువ కింది ఊళ్లకు కోతలకు పోయారు. మిగిలిన జనంలో ఎక్కువమంది మగ్గాలవాళ్లే. రాళ్ల గుంత దగ్గర పుస్తకంలోకి ఎక్కవలసిన తలలు వాళ్లవే. ఆ తలలను ఆయన ఇళ్లలో కూర్చోబెట్టారు. ఆ రెండు మాటల అర్థాలు ఆయనకు తెలిసినంత బాగా ఆ కచ్చేరిలో కూడా ఎవరికీ తెలిసి ఉండవు. ఒక మాట నుంచి రెండో మాటకు పోయే దారి మాత్రం ఆ గుంతలో నుంచే ఉంది.

ఆయన వేళ్లు జతచేయలేదు. "రేపు పోయి చెప్పల్ల" అన్నారు.

వద్దని చూశాను. ఉత్తరం రాస్తే చాలన్నాను. వినలేదు. నేనూ వెంట పోయాను. నాగప్ప ఇంటి ముందు వీధిలోనివాళ్లంతా చేరారు. ఆయన నిలబడి ఏమీ దాచకుండా చెప్పారు. మీరు పోయి ఉంటే నూలు వచ్చేది, నేను పోవద్దన్నాను కాబట్టి రాలేదు. అంత పొడిగా చెప్పకుండా ఉండవలసిందని నాకనిపించింది.

"నువ్వు మా మేలుకే చెప్తివి సామీ" అన్నాడు నాగప్ప.

ఈరమ్మ ముందుకు వచ్చి రెండు అరచేతులూ చాచింది. అడుక్కునేటట్టు కాదు, చూపించేటట్టు.

"సూడు సామీ. మెత్తగానే ఉండాయి."

ఆయన చూశారు. అక్కడున్న ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ తర్వాత వీధి ఖాళీ కావడం మొదలైంది. ఆదోని స్టేషనులో షోలాపూరు పోయే బండి ఆగుతుంది. అక్కడ మిల్లుల్లో మగ్గం తెలిసినవాడికి పని దొరుకుతుందని చెప్పుకునేవారు. ఒక్కో ఇల్లు చొప్పున వచ్చి ప్లాట్‌ఫారం మీద కూర్చునేవారు. మగ్గాల కర్రలు అప్పటికే పొయ్యిలో కాలాయి. వాళ్లు వచ్చే రోజుల్లో ఆయన అర్జీలు రాయడం మాని స్టేషనుకు పోయేవారు. పిల్లలను ఎత్తి బండి ఎక్కించేవారు. నాగప్ప, ఈరమ్మ పోయిన రోజు నేనూ ఉన్నాను. ఆమె రైలుపెట్టెలోకి మూట విసిరి, ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుంది.

"ఎప్పుడొస్తారమ్మా?" అన్నారు ఆయన.

"యాడికి సామీ?" అంది.

బండి కదిలింది. షోలాపూరు నుంచి వాళ్ల కబురు ఒక్కటీ రాలేదు. ఆ వైపు పోయే దూది వ్యాపారులను అడిగించాను. మిల్లులు చాలా ఉన్నాయి, నాగప్పలు చాలామంది ఉన్నారు అన్నారు.

ఆయన మళ్లీ అరుగు మీదికి వచ్చారు. అర్జీలు రాసేవారు గానీ ముందరిలా ఆగేవారు కాదు. పక్క అరుగు ఆయన, ఉడికించడానికి కావచ్చు, ఓదార్చడానికి కావచ్చు, "సామీ, ఈ రెండు మాటలకూ తేడా ఏంది?" అని అడిగితే, "ఏమోనప్పా, ఏది రాసినా ఒకటే" అనేవారు. అడిగినవాడే బిక్కముఖం వేసేవాడు.

మరుసటి ఏడు వానలు మళ్లీ పోయాయి. ఎమ్మిగనూరు బయట టెస్టు పని మళ్లీ పెట్టారు. ఒక మధ్యాహ్నం మా జిన్నుకు వచ్చిన బస్సు డ్రైవరు, "మీ సామి రాళ్ల గుంత కాడ ఎండలో కూర్చోనుండాడు. పోయి పిలుచుకొస్తే మేలు" అన్నాడు. షావుకారిని అడిగి అదే బస్సులో పోయాను.

గుంతలో జనం పలుచగా ఉన్నారు. ముసలివాళ్లు, పిల్లల తల్లులు. వాళ్ల మధ్యలో ఆయన. కోటు విప్పి మడిచి కింద వేసుకున్నారు. కోటు లేకుండా ఆయన్ను చూడడం నాకు అదే మొదలు. చిన్న సుత్తితో రాయి మీద కొడుతున్నారు. రెండు దెబ్బల్లో ఒకటి నేలకు తగులుతున్నది. వేళ్లకు చుట్టుకున్న గుడ్డపీలికలు నెత్తురుతో తడిశాయి.

మేస్త్రి నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వన్నా చెప్పన్నా. పొద్దున్నుంచి నా పేరు రాసుకో, నా పేరు రాసుకో అంటాండాడు. కూలోళ్లనే రాయమని నాకు తాకీదు. ఈయన్ని రాస్తే రేపు లెక్క చూసే దొర నన్ను కొడతాడు."

"తల గదా నీకు కావల్సింది. ఇదో, తల" అన్నారు ఆయన, సుత్తి ఆపకుండా.

"మీ తల రాస్తే నా తల పోతాది సామీ. లేయండి, దండం పెడతా."

నేను పక్కన గొంతుక్కూర్చుని ఇంటికి పోదాం రమ్మన్నాను. ఆయన నా వైపు చూశారు. ముఖంలో కోపమూ లేదు, దుఃఖమూ లేదు. కచ్చేరి వేళ మించిపోతున్నప్పుడు మాట కోసం వెదికేటప్పుడు ఉండే ముఖమే.

"ఎంతమందుండారో నువ్వు లెక్క చూడు" అన్నారు.

చూశాను. ముందటి ఏడు చాలలేదన్న సంఖ్య నాకు తెలుసు. ఇది అందులో సగం కూడా లేదు. ఆయన నా ముఖం చూసి తెలుసుకున్నారు. ఈసారి ఎవరూ ఎవరినీ ఇంట్లో కూర్చోబెట్టలేదు. రావలసినవాళ్లు ఊళ్లోనే లేరు.

"అయితే నువ్వూ ఒక సుత్తి తీసుకో" అన్నారు.

తీసుకున్నాను. మేస్త్రి నెత్తిన చెయ్యి పెట్టుకుని ఆవలికి పోయాడు. పొద్దు వాలేదాకా ఇద్దరం రాయి కొట్టాం. మా పక్కన కూర్చున్న ముసలామె మధ్యమధ్య ఆయన చెయ్యి ఎలా పట్టాలో చూపించి, "అట్ల గాదయ్యా, రాయి మీద కోపం పెట్టుకోవద్దు" అంటూ ఉంది. కొలత వేళ అయ్యేసరికి ఆమె కుప్ప ఇంకా చిన్నదిగానే ఉంది. ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసి, అడగకుండానే, ఆయన కొట్టిన కంకరనూ నేను కొట్టిన కంకరనూ రెండు చేతులతో తన కుప్పలోకి లాక్కుంది. ఆయన తన ముందు మిగిలిన నాలుగు రాళ్లు కూడా ఏరి ఆమె వైపు తోశారు.

మేస్త్రి వచ్చి కొలిచాడు. ఆమె కుప్ప ఆ రోజు కూలికి సరిపోయింది. పుస్తకంలో తలలు పొద్దున రాసినన్నే ఉన్నాయి.